తరగతి గదిలో చదువు మీద ఆసక్తిని పుట్టించడం, ఏడాది చివరిదాకా నిలపడం: ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలా ఉన్నత పాఠశాలల్లో ఒక మోటివేషన్ క్లాసు ఏర్పాటవుతుంది. బయటి నుంచి వచ్చిన వక్త కష్టపడి పైకి వచ్చినవారి జీవితాల గురించి ఆవేశంగా చెబుతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, కొందరి కళ్లు చెమరుస్తాయి కూడా. మరునాడు గణితం పీరియడ్‌లో, ముందురోజు భిన్నాల లెక్క దగ్గర ఆగిపోయిన పిల్లవాడు మళ్లీ అక్కడే ఆగిపోతాడు. చదవాలన్న కోరిక ఉపన్యాసం వల్ల కలిగితే కలగవచ్చు గానీ, అది వారం దాటి నిలవాలంటే నిన్న రానిది ఈరోజు వచ్చిందన్న అనుభవం ఆ పిల్లవాడికి తరగతి గదిలోనే, తరచుగా ఎదురుకావాలి. ఆ అనుభవాన్ని ఎలా ఏర్పాటు చేయాలో వివరించడానికే ఈ మార్గదర్శి. ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది తరగతులకు బోధించేవారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాను. ఉదాహరణలు ఎక్కువగా గణితం నుంచే తీసుకున్నాను, ఎందుకంటే పిల్లలు చేతులెత్తేయడం అన్నింటికంటే ముందు కనిపించేది ఆ పీరియడ్‌లోనే.

రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, ఒక పనిని మనిషి తనంతట తాను ఇష్టంగా చేయాలంటే మూడు అవసరాలు తీరాలని ప్రతిపాదించారు: ఆ పని తనకు చేతనవుతుందన్న నమ్మకం, అందులో తన నిర్ణయానికి కొంత చోటు, తనను తనవాడిగా చూసుకునే మనుషులు. దిగువ చెప్పే మెట్లన్నీ ఈ మూడింటి చుట్టూ తిరిగేవే. అయితే మన తరగతి గదుల్లో మూడింటికీ ఒకే బరువు లేదని, చేతనవడం అన్నది మిగిలిన రెండింటికంటే ముందు రావాలని నా అభిప్రాయం. ఏమీ అర్థంకాని పిల్లవాడికి ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చినా దానితో అతడు చేయగలిగింది ఉండదు.

మొదటి మెట్టు: ఎవరు ఎక్కడ ఉన్నారో జూన్‌లోనే తెలుసుకోవాలి

బడి తెరిచిన మొదటి రెండు వారాలు ఇందుకు సరైన సమయం. ఏడో తరగతి గణితమైతే ఒకే పేజీలో అప్పు తీసుకుని చేయాల్సిన ఒక తీసివేత, రెండంకెల భాగహారం, రెండు భిన్నాల్లో ఏది పెద్దదో చెప్పే ప్రశ్న, చదివి అర్థం చేసుకోవాల్సిన ఒక పద సమస్య ఉంటే చాలు. తెలుగు, ఇంగ్లిషు, సాంఘిక శాస్త్రం బోధించేవారు పిల్లలను ఒక్కొక్కరిగా వరండాలోకి పిలిచి పాఠంలోని ఒక పేరా చదివించుకోవచ్చు. ఈ కాగితాలకు మార్కులు వేయకూడదు, ఫలితాన్ని తరగతిలో చదవకూడదు. ఒక నోటుపుస్తకంలో ప్రతి పేరు ఎదుట ఆ విద్యార్థికి ఏది వచ్చో, ఎక్కడ ఆగాడో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. “డల్”, “సీ గ్రేడ్” వంటి ముద్రలకు ఆ పుస్తకంలో చోటివ్వకూడదు, ఎందుకంటే అటువంటి మాట రాసుకున్నాక మరుసటి రోజు ఏం చేయాలో అది చెప్పదు. “భాగహారంలో రెండో అంకె దించడం దగ్గర ఆగాడు” అన్న వాక్యం చెబుతుంది.

పని చేయని పిల్లలందరినీ ఒకే గాటన కట్టకుండా కారణం వెతకడం ఇక్కడ ముఖ్యం. అనుమానం ఉన్న విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక లెక్క చేయించి చూడండి. మీరు పక్కనుంటే చేసేస్తున్నాడంటే అతడికి వచ్చు, తప్పవుతుందేమోనన్న భయమే అడ్డు. పెన్సిల్ కాగితం మీద పెట్టలేకపోతున్నాడంటే కింది తరగతుల పునాదే లేదు. నోటుపుస్తకంలో చక్కగా చేస్తూ బోర్డు మీది లెక్కను మాత్రం తప్పుగా ఎక్కించుకుంటున్నాడంటే చూపు పరీక్ష చేయించాల్సిన సమయం వచ్చిందన్నమాట. అల్లరివాడని చివరి బెంచీకి పంపిన పిల్లవాడికి నిజానికి కళ్లద్దాలు అవసరం కావచ్చు. పొద్దున్నే తమ్ముణ్ని అంగన్‌వాడీలో దింపి, నీళ్లు పట్టి, పరుగున వచ్చే అమ్మాయి మొదటి పీరియడ్‌లో కునుకు తీస్తే దానికి ఆసక్తి లోపమని పేరు పెట్టడం అన్యాయం. పత్తి ఏరే రోజుల్లోనూ, మిరపకోతల రోజుల్లోనూ హాజరు ఎందుకు పడిపోతుందో పల్లె బడుల్లో పనిచేసే ఏ ఉపాధ్యాయుడికీ వివరించనక్కరలేదు.

రెండో మెట్టు: ప్రతి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు అందరివీ కావాలి

పాఠం ఏదైనా సరే, పీరియడ్ ఆరంభంలో బోర్డు మీద మూడు చిన్న ప్రశ్నలు రాయండి. మొదటిది తరగతిలో దాదాపు ప్రతి ఒక్కరూ చేయగలిగినది, రెండోది నిన్నటి పాఠంలోనిది, మూడోది ఈరోజు చెప్పబోయేదానికి దారి తీసేది. ఉదాహరణకు భిన్నాల కూడిక చెప్పబోయే రోజున మొదటి ప్రశ్నగా ఒక చపాతీని నాలుగు సమాన ముక్కలు చేసి ఒకటి తింటే ఎంత మిగులుతుందని అడగవచ్చు. రెండోదిగా 2/3కు సమానమైన రెండు భిన్నాలు రాయమనవచ్చు. మూడోదిగా 1/2, 1/3 కలిపితే ఒకటి కంటే ఎక్కువా తక్కువా ఊహించమనవచ్చు. పిల్లలు రాస్తున్నంతసేపూ బెంచీల మధ్య తిరుగుతూ, జూన్‌లో మీరు గుర్తించిన పిల్లల దగ్గర అరనిమిషం ఎక్కువ ఆగాలి. పీరియడ్ మొదలైన అయిదు నిమిషాల్లోపే ఒక్క సరైన జవాబైనా రాసిన పిల్లవాడు మిగతా పాఠం వినే తీరు వేరుగా ఉంటుంది.

అలాగని రోజంతా సులువైన ప్రశ్నలే ఇస్తూ పోతే పని జరగదు. సులువుగా గెలిపిస్తున్నారన్న సంగతి పిల్లలు ఇట్టే పసిగడతారు. కొంచెం కష్టపడితే అందేంత ఎత్తులో పనిని ఉంచడమే ఇందులోని నేర్పు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం రూపొందించిన నిచ్చెన పద్ధతిలో ఈ నేర్పు స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కార్డులు తయారుచేశారు. ఒకే గదిలో ఉన్న పిల్లలు ఎవరి మెట్టు మీద వారు, ఎవరి వేగంతో వారు పనిచేసుకుంటూ పోతారు, తానెక్కడ ఉన్నదీ తర్వాత ఏం చేయాల్సిందీ నిచ్చెన చూసి ఎవరికి వారే తెలుసుకుంటారు. తమిళనాడు బడుల్లో అమలైన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇచ్చింది ఈ పద్ధతే. ఉన్నత పాఠశాలలో మొత్తం పాఠ్యప్రణాళికను ఇలా విడగొట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు గానీ, పిల్లలు ఎక్కువగా ఆగిపోయే ఒకటి రెండు అధ్యాయాలకు ఇటువంటి కార్డులు చేసుకోవడం సాధ్యమే. విద్యారంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రచారంలోకి తెచ్చిన విధానం కూడా ఇదే ఆలోచన మీద నడుస్తుంది: రోజులో కొంతసేపు పిల్లలను తరగతిని బట్టి కాకుండా వారి స్థాయిని బట్టి జట్లు చేసి బోధించడం.

ఇంత చెప్పాక “మరి సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?” అన్న ప్రశ్న స్టాఫ్ రూంలో తప్పకుండా వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే. అయితే విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ నిర్ణీత కాలంలో పాఠ్యప్రణాళికను పూర్తిచేయడాన్ని ఉపాధ్యాయుడి విధిగా చెబుతూ, ఆ వెంటనే ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనపు బోధన అందించడాన్ని కూడా విధిగానే చెబుతుంది. రెండింటిలో మొదటిదాన్ని మాత్రమే తనిఖీల్లో అడుగుతున్నారన్నది వేరే సంగతి. అనుభవంలో చూస్తే, వెనకబడిన పిల్లల కోసం సెప్టెంబరుదాకా పెట్టిన సమయంలో చాలా భాగం తర్వాతి అధ్యాయాలు వేగంగా సాగడం వల్ల తిరిగి వస్తుంది. పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేను.

మూడో మెట్టు: ప్రశ్న అడిగాక ఆగాలి

“అర్థమైందా?” అని అడిగితే “అయింది సార్” అని గది అంతా ఒకే రాగంలో పలుకుతుంది. ఆ జవాబుకు విలువ లేదు. దానికి బదులు ఎవరు ఏం ఆలోచించారో కంటికి కనిపించే ప్రశ్న వేయాలి: “ఈ లెక్కలో తర్వాత చేయాల్సిన పనేమిటో పలక మీద రాసి పైకెత్తండి.” పలకలు లేకపోతే నోటుపుస్తకం చివరి పేజీ సరిపోతుంది.

ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క క్షణమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో కూడి వస్తున్నాయని, మాట్లాడనివారు కూడా నోరు విప్పుతున్నారని అమెరికాలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే పరిశీలించి చెప్పారు. మూడు సెకన్లు వినడానికి చాలా తక్కువ. కానీ ముందు బెంచీలో నాలుగు చేతులు లేచి “సార్, నేను సార్” అంటుండగా నోరు కట్టుకుని ఆగడం ఎంత కష్టమో ప్రయత్నించి చూస్తేగాని తెలియదు. చేతులెత్తవద్దని, అందరూ ఆలోచించాక తానే ఒకరిని పిలుస్తానని ముందే చెప్పి, పేర్లు రాసిన చీటీలను ఒక డబ్బాలో వేసి తీయడం మంచి ఉపాయం. చీటీలో పేరు వచ్చిన పిల్లవాడు తెలియదంటే అతణ్ని నిలబెట్టి వదిలేయకుండా, ఇంకొకరు చెప్పిన జవాబును అతడి మాటల్లో మళ్లీ చెప్పించి కూర్చోబెట్టాలి. తప్పు చెప్పినప్పుడు ఎవరైనా నవ్వితే పాఠం అక్కడే ఆపి ఆ నవ్వు గురించి మాట్లాడాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొదటి వారం నుంచీ రాజీ పనికిరాదు, ఎందుకంటే ఒకసారి నవ్వులపాలైన పిల్లవాడు ఆ ఏడాదంతా మౌనంగా ఉండిపోవచ్చు.

నాలుగో మెట్టు: దిద్దడం, మెచ్చుకోవడం

ఆసక్తిని పెంచేదీ తుంచేదీ అన్నింటికంటే ఎక్కువగా ఎర్ర సిరానే కాబట్టి ఈ మెట్టు దగ్గర కొంత ఎక్కువసేపు ఆగుదాం. ఒక విద్యార్థిని 2/3 + 1/4 అన్న లెక్కను ఇలా చేసిందనుకుందాం: హారాలను రెండింటినీ 12గా మార్చింది, పైన ఉన్న 2, 1 లను మాత్రం అలాగే ఉంచి కూడి, జవాబు 3/12 అని రాసింది. మనలో చాలామంది చేసేది అడ్డంగా ఒక గీత గీసి, పక్కన సున్నా వేసి, కింద సరైన జవాబు 11/12 అని రాయడం. ఆ అమ్మాయి దాన్ని చూసి, 11/12 అని ఎక్కించుకుని, పుస్తకం మూసేస్తుంది. ఆమె చేసిన పనిలో సగం సరైనదేనన్న సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు.

అదే చోట ఇలా రాయవచ్చు: “హారాలను 12గా మార్చాలని నువ్వే గుర్తించావు, అది సరైన పని. ఇప్పుడు నీ జవాబు 3/12 అంటే 1/4 కదా. 1/4కు 2/3 కలిపితే మళ్లీ 1/4 ఎలా అయింది? 2/3ను 12 హారంతో రాసి చూడు.” దీనివల్ల మూడు లాభాలున్నాయి. ఏది సరిగా చేసిందో ఆమెకు తెలిసింది, తప్పు తనంతట తానే కనిపించింది, తర్వాత వేయాల్సిన అడుగు చేతిలో ఉంది. మరునాడు ఆమె 8/12 + 3/12 అని రాసుకుని వచ్చినప్పుడు ఆ జవాబు మీది కాదు, ఆమెది. యాభై పుస్తకాలకు రోజూ ఇలా రాయడం అసాధ్యమని నాకు తెలుసు. అందుకే రోజుకు పదింటిని మాత్రమే ఇలా దిద్ది, మిగిలినవాటిని బోర్డు చూసి పిల్లల చేతే ఒకరివొకరు సరిచూసుకునేలా చేస్తే వారంలో ప్రతి పుస్తకమూ ఒకసారి మీ చేతికి వస్తుంది.

మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందన్నది కూడా గమనించదగినది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, పని గురించిన వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగయ్యారు, వారి ఆసక్తీ నిలిచింది; మార్కుతో పాటు వ్యాఖ్య అందుకున్నవారిలో ఆ లాభం కనిపించలేదు. అంకె కనపడగానే పిల్లలు పక్కవాడి అంకె వైపు చూస్తారు, కింద రాసింది చదవరు. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్), ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలకు మార్కులు తప్పవు గాని, స్లిప్ టెస్టులకు వేయాల్సిన అవసరం ఏమీ లేదు. తప్పని పరీక్షల్లో కూడా పేపర్లు ఇచ్చే రోజున ముందు వ్యాఖ్యలు చదివించి, తప్పులు సరిచేయించి, మార్కులు పీరియడ్ చివరలో చెప్పవచ్చు. పెద్ద మార్కు నుంచి చిన్న మార్కు దాకా వరసగా పేర్లు చదివి పేపర్లు పంచే అలవాటు మాత్రం వెంటనే మానుకోవాల్సినదే.

ప్రశంస విషయంలో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. మొదటి పని బాగా చేసినందుకు “నువ్వు తెలివైనదానివి” అన్న మెప్పు పొందిన పిల్లలు, తర్వాత కష్టమైన పని ఎదురై ఓడినప్పుడు త్వరగా వదిలేశారు, ఆ తర్వాతి పనిలో వెనకబడ్డారు. “బాగా కష్టపడ్డావు” అన్న మెప్పు పొందినవారు నిలదొక్కుకున్నారు. దీన్ని చదివి గోడల మీద నినాదాలు అంటించినంత మాత్రాన మార్కులు పెరగవు. ఈ ఆలోచన ఆధారంగా తర్వాత జరిగిన పెద్ద కార్యక్రమాల్లో కనిపించిన ఫలితం సగటున స్వల్పమే. తరగతికి పనికొచ్చే సారం ఇంతే: మనిషిని కాకుండా పనిని, ఆ పనిలో వాడిన పద్ధతిని పేరు పెట్టి మెచ్చుకోవాలి. “శభాష్” అని ఊరుకోకుండా “నిన్న బొమ్మ గీయకుండా మొదలుపెట్టావు, ఈరోజు గీసుకున్నావు, అందుకే లెక్క తెమిలింది” అనాలి. కష్టపడినా రానివాడితో ఇంకా కష్టపడమని చెప్పడం కూడా ఓ రకమైన క్రూరత్వమే. అతడికి కావలసింది వేరే దారి.

అయిదో మెట్టు: బహుమతులు, శిక్షలు

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు 1973లో ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మలు గీయడం అంటే ముందే ఇష్టమున్న పిల్లలను మూడు గుంపులు చేశారు. బొమ్మ గీస్తే రిబ్బను కట్టిన ధ్రువపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన గుంపులోని పిల్లలు, కొన్నాళ్ల తర్వాత ఏ బహుమతీ లేని ఆట సమయంలో, మిగిలిన రెండు గుంపుల పిల్లలతో పోలిస్తే సుమారు సగం సమయమే బొమ్మలు గీశారు. చెప్పకుండా హఠాత్తుగా బహుమతి పొందినవారిలో ఆ నష్టం లేదు. కాబట్టి పిల్లలు ఇష్టంగా చేస్తున్న పనికి పెన్నో చాక్లెట్టో ఎర వేయడం అనవసరం. ఇష్టం ఇంకా పుట్టని పనులకు, ఉదాహరణకు ఎక్కాలు కంఠస్థం చేయించడానికి, కొద్దికాలం పాటు చిన్న ప్రోత్సాహకాలు వాడుకుని మానేయడంలో నాకు తప్పు కనిపించదు. ఏటా అదే ముగ్గురికి దక్కే ఫస్ట్ ర్యాంకు బహుమతి మాత్రం మిగిలిన నలభై మందికి చెప్పేది ఒకటే, ఇది మీది కాదని.

శిక్షల గురించి వాదనకు చోటు లేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. బెత్తం చాలా బడుల్లో మాయమైనా, “నీకు చదువెందుకు, బర్రెలు కాచుకో” అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ మాట పిల్లవాణ్నీ, బర్రెలు కాసి అతణ్ని బడికి పంపుతున్న తండ్రినీ ఒకేసారి కించపరుస్తుంది. హోంవర్క్ చేయకపోతే దానికి తగిన ఫలితం ఆ హోంవర్కును మధ్యాహ్న భోజనం తర్వాతి విరామంలో, మీ సమక్షంలో పూర్తిచేయడమే.

ఆరో మెట్టు: చిన్న చిన్న ఎంపికలు

అభ్యాసంలోని పది లెక్కల్లో ఏవైనా ఆరు చేసుకురమ్మనడం, ప్రాజెక్టు పనిని పోస్టరుగానో చిన్న నాటికగానో ఎలా చూపాలో జట్టునే నిర్ణయించుకోమనడం వంటివి చాలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఎంచుకోమన్నాక వారు ఎంచుకున్నదాన్ని మార్చకూడదు.

ఏడో మెట్టు: ఈ తరగతిలో తనకొక చోటుందని తెలియాలి

రెండు రోజులు రాని పిల్లవాడు మూడో రోజు వచ్చినప్పుడు “ఎందుకు రాలేదు?” అన్న గద్దింపుకు బదులు “నువ్వు లేకపోతే మీ జట్టులో కొలతలు తీసేవాళ్లు లేరురా, రా” అన్న మాట వినిపిస్తే నాలుగో రోజు కూడా వస్తాడు. ఆ మాట నిజం కావాలంటే జట్టులో ప్రతి ఒక్కరికీ ఒక పని ఉండాలి. బాగా చదివేవారినే ఎప్పుడూ లీడర్లుగా పెడితే మిగిలినవారు ప్రేక్షకులవుతారు. వరసలను నెలకోసారి మార్చాలి, చివరి బెంచీ ఏ ఒక్కరి సొత్తూ కాకూడదు.

తల్లిదండ్రులకు బడి నుంచి ఫోన్ వచ్చిందంటే ఏదో ఫిర్యాదేనన్న భయం ఉంటుంది. వారానికి ఇద్దరు తల్లిదండ్రులకు ఫోన్ చేసి, “అమ్మా, మీ అమ్మాయి ఈరోజు బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేసి చూపించింది” అని ఒక్క నిమిషం చెప్పండి. చదువు రాని తల్లి కూడా ఆ సంగతిని సాయంత్రం ఇంట్లో చెబుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల జాబితా చదవడం వల్ల ఈ ఫలితం ఎన్నటికీ రాదు.

ఎనిమిదో మెట్టు: దసరా తర్వాత, సంక్రాంతి తర్వాత

ఆసక్తి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. జూన్‌లో కొత్త పుస్తకాలతో పాటు వచ్చే ఉత్సాహం ఆగస్టుకల్లా తగ్గుతుంది, దసరా సెలవుల తర్వాత కొందరు ఆలస్యంగా వస్తారు, సంక్రాంతి తర్వాత పరీక్షల భయం మొదలవుతుంది. కాబట్టి ప్రతి పెద్ద సెలవు తర్వాతి వారంలో కొత్త అధ్యాయం మొదలుపెట్టకుండా, జూన్‌లో ఇచ్చిన ఒక పేజీ కాగితాన్నే అంకెలు మార్చి మళ్లీ ఇవ్వాలి. పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, అప్పుడు రాని ఏ లెక్క ఇప్పుడు వచ్చిందో పిల్లలనే గుర్తించమనాలి. పిల్లవాడు తనను తాను పక్కవాడితో కాకుండా జూన్‌లోని తనతో పోల్చుకునే అవకాశం అక్కడ దొరుకుతుంది. ఈ గైడులో ఒక్క పనే చేయగలిగిన తీరిక ఉందనుకుంటే దీన్నే ఎంచుకోమంటాను.

పదో తరగతి ప్రత్యేక తరగతుల్లో, ఉదయం స్టడీ అవర్ నుంచి చీకటి పడేదాకా బిట్లు వల్లె వేయించడం వల్ల అలసట తప్ప మరేమీ మిగలదు. రోజుకు ఒక గంట, ఒక్కో జట్టు తాను ఆగిపోయిన అంశం మీద మాత్రమే పనిచేయడం మేలు. పాసవుతామో లేదోనని దిగులుపడే పిల్లలకు మొత్తం పుస్తకం ముందు పెట్టకుండా, గట్టిగా పట్టు సాధించగల నాలుగు అధ్యాయాలను వారితో కూర్చుని ఎంపికచేసి, తేదీలు వేసి, పూర్తయినదాన్ని వారి చేతే కొట్టివేయించాలి.

పని జరుగుతోందా అని చూసుకోవడం

గది నిశ్శబ్దంగా ఉండడం ఆసక్తికి గుర్తు కాదు. నెలకోసారి నాలుగు విషయాలు గమనించండి: చీటీలో పేరు రాకుండానే ప్రశ్న అడిగినవారు ఎందరు, తప్పు చేసిన లెక్కను అడగకుండానే మళ్లీ చేసుకొచ్చినవారు ఎవరు, ఖాళీ పేజీలు ఎవరి పుస్తకంలో తగ్గాయి, శనివారం హాజరు ఎలా ఉంది. ఒకరిద్దరిలో ఎంతకీ మార్పు లేకపోతే లోపం మీ బోధనలో ఉండనక్కరలేదు. ఇంట్లో జబ్బు, అప్పు, బాల్యవివాహపు ఒత్తిడి వంటివి ఉంటే ప్రధానోపాధ్యాయుడినీ, అవసరమైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌నూ ఆశ్రయించాలి. ఒంటరిగా మోయాల్సిన బరువు కాదది.

ఏప్రిల్‌లో బడి మూసేముందు మరో పని మిగిలి ఉంటుంది. జూన్‌లో మొదలుపెట్టిన నోటుపుస్తకంలో ప్రతి పేరు ఎదుట ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో, ఏ మాటకు, ఏ పనికి ముందుకు వచ్చాడో మరో వాక్యం రాసి, వచ్చే ఏడాది ఆ తరగతికి వెళ్లబోయే ఉపాధ్యాయుడికి అందజేయాలి. బదిలీ అయితే ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంచి వెళ్లాలి. లేకపోతే భాగహారంలో రెండో అంకె దగ్గర ఎవరు ఆగారో కనుక్కోవడానికి తర్వాతివారికి మళ్లీ రెండు వారాలు పడుతుంది.